అగ్నిమాపక సిబ్బందిలో క్యాన్సర్

మంటలు ఆర్పే వృత్తిలో ఉన్నవారికి కొన్ని రకాల క్యాన్సర్లు ఇతరులకంటె ఎక్కువగా వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐ.ఎ.ఆర్.సి.) 2022 జూన్‌లో ఈ వృత్తినే మనుషులలో క్యాన్సర్ కలిగించేదిగా నిర్ధారించింది. పొగాకు, రాతినార (ఆస్బెస్టాస్), బెంజీన్ ఉన్న మొదటి వర్గంలోనే ఇప్పుడు అగ్నిమాపక వృత్తి కూడా ఉన్నది.

అగ్నిమాపక దళంలో ప్రమాదం అనగానే కూలే కప్పులు, పేలే గ్యాస్ సిలిండర్లు మనకు గుర్తుకు వస్తాయి. కాని అమెరికా, కెనడా దేశాల అగ్నిమాపక ఉద్యోగుల అంతర్జాతీయ సంఘం లెక్కల ప్రకారం 2002 నుండి 2019 వరకు వృత్తి కారణంగా మరణించిన వేతన సిబ్బందిలో 66 శాతం మంది క్యాన్సర్ వలననే చనిపోయారు. మంట ఆరిన రోజున ఎవరికీ ఏమీ కాదు. జబ్బు పది, ఇరవై, ఒక్కొక్కప్పుడు నలభై సంవత్సరాల తరువాత, చాలాసార్లు పదవీ విరమణ అయిపోయాక బయటపడుతుంది. ఈ కాలవ్యవధి వలన రెండు చిక్కులు వచ్చిపడ్డాయి. జబ్బును ముందుగా ఎలా పట్టుకోవాలి అన్నది ఒకటి. అది ఉద్యోగం వలననే వచ్చిందని ఎలా ఋజువు చేయాలి అన్నది రెండవది. ఈ వ్యాసం ముఖ్యంగా ఈ రెండింటి గురించే. ఇందులో పేర్కొన్న పరిశోధనలు చాలావరకు ఉత్తర అమెరికా, ఐరోపా దేశాలలో జరిగినవి.

మసికి, క్యాన్సర్‌కు పాత సంబంధం

మసి వలన క్యాన్సర్ రావచ్చునన్న సంగతి కొత్తది కాదు. లండన్ నగరంలో పెర్సివాల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1775లో పొగగొట్టాలు శుభ్రం చేసే పనివారిలో వృషణాల సంచి చర్మానికి క్యాన్సర్ ఎక్కువగా వస్తున్నదని గమనించి, చర్మపు ముడతలలో పేరుకొనే మసియే దానికి కారణమని రాశాడు. ఒక వృత్తికీ ఒక క్యాన్సర్‌కూ సంబంధం చూపిన తొలి రచనగా దీనిని వైద్య చరిత్రకారులు పేర్కొంటారు. ఈ పనివారు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే ఇరుకు గొట్టాలలోకి దూరేవారు. జబ్బు మాత్రం వారు పెద్దవారయ్యాకనే కనిపించేది.

ఈ కథలో మనకు ఎక్కువగా పనికివచ్చే భాగం మరొకటి ఉన్నది. 1892లో హెన్రీ బట్లిన్ అనే మరొక ఆంగ్ల వైద్యుడు, ఇదే పని చేసే ఇతర ఐరోపా దేశాలవారిలో ఈ జబ్బు ఎందుకు అరుదుగా ఉన్నదో పరిశీలించాడు. అక్కడి పనివారు ఒంటిని కప్పే దుస్తులు వేసుకొనేవారు, రోజూ శుభ్రంగా కడుక్కొనేవారు. అంతకుమించి రహస్యమేమీ లేదు. తరువాత 1915లో జపాను శాస్త్రవేత్తలు యమగివా, ఇచికావా కుందేళ్ళ చెవులకు బొగ్గు తారు పదేపదే పూసి క్యాన్సర్ కలిగించి చూపారు. 1930 దశకంలో ఆ తారు నుండి బెంజోపైరీన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఇళ్ళు తగలబడినప్పుడు వచ్చే మసిలో నేటికీ దొరికేది ఈ కుటుంబపు రసాయనాలే. మసిని ఒంటిమీద ఉండనివ్వరాదని పొగగొట్టాల వారి విషయంలో తెలిసిన తరువాత కూడా, అగ్నిమాపక కేంద్రాలకు ఆ మాట చేరడానికి మరొక వంద సంవత్సరాలు పట్టింది.

పొగలో ఏముంటుంది?

ఒకప్పుడు ఇళ్ళలో కాలేది కర్ర, నూలు, గడ్డి, కాగితం. ఇప్పుడు కాలేది ఎక్కువగా ప్లాస్టిక్, ఫోమ్ పరుపులు, పాలియెస్టర్ తెరలు, విద్యుత్ తీగల తొడుగులు, రంగులు. కర్ర పొగ మంచిదని కాదు. అయితే కృత్రిమ పదార్థాలు మరింత వేగంగా మండుతాయి, మరింత నల్లని పొగనూ ఇస్తాయి. ఆ పొగలో బెంజీన్, ఫార్మాల్డిహైడ్, 1,3-బ్యూటడైయీన్, బెంజోపైరీన్ వంటి బహువలయ హైడ్రోకార్బన్లు ఉంటాయి. ఇవన్నీ విడివిడిగా ఏనాడో క్యాన్సర్ కారకాల జాబితాలోకి ఎక్కినవే. పాత భవనం కూలితే రాతినార పోగులు గాలిలో కలుస్తాయి.

మంట లేనప్పుడు కూడా ప్రమాదం పూర్తిగా తొలగిపోదు. కేంద్రంలో ఇంజను నడుస్తున్న వాహనం నుండి డీజిల్ పొగ వస్తుంది. దీనిని 2012లో మొదటి వర్గంలో చేర్చారు. పెట్రోలు, నూనె మంటలపై చల్లే కొన్ని రకాల నురుగులలోను, నీరు అంటకుండా చేసే రక్షణ దుస్తుల పొరలలోను ఫ్లోరిన్ కలిసిన ‘పీఫాస్’ రసాయనాలు వాడుతూ వచ్చారు. ఇవి ప్రకృతిలో దాదాపు విచ్ఛిన్నం కావు. వీటిలో ఒకటైన పి.ఎఫ్.ఓ.ఎ.ను ఐ.ఎ.ఆర్.సి. 2023లో మొదటి వర్గంలోకి మార్చింది. నిప్పు నుండి కాపాడవలసిన దుస్తులలోనే అనుమానించవలసిన పదార్థం ఉండడం ఈ వృత్తిలోని పెద్ద విడ్డూరం. వీటికి తోడు రాత్రి పని. నిద్ర గతి తప్పించే రాత్రి పనిని 2007 నుండి ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్న’ వర్గంలో ఉంచారు.

శరీరంలోకి ఎలా చేరుతుంది?

ముక్కు, నోరు మొదటి దారి. వీపున గాలి సిలిండరు, ముఖానికి తొడుగు ఉన్నప్పుడు ఈ దారి మూసుకొనే ఉంటుంది. కాని పెద్ద మంట ఆరిన తరువాత శిథిలాలను తిరగవేసి, లోపల రగిలే నిప్పును వెతికే పని ఒకటి ఉంటుంది. కంటికి పొగ కనిపించదు కనుక, అలసట కూడా తోడై, చాలామంది అప్పుడు ముఖతొడుగు తీసివేస్తారు. చల్లారుతున్న బూడిద నుండి వాయువులు మాత్రం వస్తూనే ఉంటాయి.

రెండవ దారి చర్మం. ఇది చాలాకాలం ఎవరికీ పట్టని విషయం. రక్షణ దుస్తులు వేడిని ఆపుతాయి గాని వాయువులను పూర్తిగా ఆపలేవు. మెడ, దవడ, చెవుల వెనుక భాగాలలో తొడుగు పలుచగా ఉంటుంది. చర్మం వేడెక్కి చెమట పట్టినప్పుడు రసాయనాలు మరింత సులభంగా లోపలికి ఇంకుతాయి. గాలి సిలిండరు సక్రమంగా వాడిన సిబ్బంది మూత్రంలో కూడా మంట తరువాత ఈ రసాయనాల అవశేషాలు పెరిగినట్లు పరీక్షలలో తేలింది. శ్వాస ద్వారా కాకపోతే అవి చర్మం ద్వారానే వచ్చి ఉండాలి.

మూడవ దారి చేయి నుండి నోటికి. మసి అంటిన చేతితో తేనీరు తాగడం, మసి దుస్తులను కారులో వేసుకొని ఇంటికి వెళ్ళడం, వాటిని పడకల ప్రక్కనే ఆరవేయడం వంటివి ఈ కోవలోకి వస్తాయి.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటున్నది. పొగ పీల్చితే ఊపిరితిత్తులకు జబ్బు రావాలి గాని మూత్రాశయానికి ఎందుకు వస్తుంది? రక్తంలో చేరిన రసాయనాలను కాలేయం కరిగే రూపానికి మార్చి మూత్రపిండాలకు పంపుతుంది. అక్కడి నుండి అవి మూత్రాశయంలో చేరి, మూత్రం బయటకు పోయేవరకు దాని లోపలి పొరను తాకుతూ ఉంటాయి. బయట పనిలో ఉన్నవారు నీళ్ళు తక్కువ తాగి, మూత్రాన్ని గంటలకొద్దీ ఆపుకొంటే ఆ తాకిడి కాలం ఇంకా పెరుగుతుంది. పొగతాగేవారికి మూత్రాశయ క్యాన్సర్ ఎక్కువగా రావడంలోను ఇదే కథ నడుస్తుంది.

పరిశోధనలు

ఐ.ఎ.ఆర్.సి. ఈ వృత్తిని తొలిసారి 2007లో పరిశీలించినప్పుడు ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నది’ అని మాత్రమే చెప్పి 2బి వర్గంలో ఉంచింది. 2022లో ఎనిమిది దేశాలకు చెందిన 25 మంది శాస్త్రవేత్తలు తిరిగి సమావేశమై దానిని మొదటి వర్గంలోకి మార్చారు. రెండు క్యాన్సర్ల విషయంలో తగినంత సాక్ష్యం ఉన్నదని వారు తేల్చారు. ఒకటి మీసోథీలియోమా, అనగా ఊపిరితిత్తుల చుట్టూ, పొట్ట లోపల ఉండే పలుచని పొరకు వచ్చే క్యాన్సర్. రెండవది మూత్రాశయ క్యాన్సర్. పెద్దపేగు, ప్రోస్టేట్ గ్రంథి, వృషణాల క్యాన్సర్లు, మెలనోమా అనే చర్మ క్యాన్సర్, నాన్-హాడ్జికిన్ లింఫోమా - ఈ ఐదింటి విషయంలో సాక్ష్యం పరిమితంగా ఉన్నదన్నారు. పరిమితం అంటే సంబంధం కనిపిస్తున్నది గాని, ఇతర కారణాలను పూర్తిగా త్రోసివేయలేమని అర్థం. సంబంధం లేదని కాదు.

ఇక్కడ వర్గం అనే మాటను సరిగా అర్థం చేసుకోవాలి. మొదటి వర్గం అన్నది సాక్ష్యం ఎంత బలంగా ఉన్నదో చెబుతుంది గాని ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. సిగరెట్టు, అగ్నిమాపక వృత్తి ఒకే వర్గంలో ఉన్నంత మాత్రాన రెండూ సమానమైన ముప్పు అనుకోరాదు.

ప్రమాదం పరిమాణం తెలియాలంటే అమెరికా ప్రభుత్వపు వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ (నియోష్) చేసిన అధ్యయనం చూడాలి. 1950 నుండి 2009 వరకు శాన్ ఫ్రాన్సిస్కో, షికాగో, ఫిలడెల్ఫియా నగరాలలో పనిచేసిన సుమారు 30,000 మంది రికార్డులను వారు పరిశీలించారు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం దేశ జనాభాతో పోల్చితే వీరికి క్యాన్సర్ రావడం 9 శాతం, క్యాన్సర్ వలన మరణించడం 14 శాతం ఎక్కువ. మీసోథీలియోమా మాత్రం సుమారు రెండు రెట్లు ఉన్నది. 2015లో అదే సంస్థ మరొక మెట్టు ముందుకు వెళ్ళి, మంటల దగ్గర గడిపిన సమయం పెరిగిన కొద్దీ ఊపిరితిత్తుల క్యాన్సర్, హాజరైన అగ్నిప్రమాదాల సంఖ్య పెరిగిన కొద్దీ రక్త క్యాన్సర్ మరణాలు పెరిగాయని చూపింది.

తొమ్మిది శాతమేనా అని తేలికగా తీసుకొనేవారు ఉన్నారు. అగ్నిమాపక దళంలో చేరేవారిని దేహదారుఢ్య పరీక్షలు పెట్టి ఎంపిక చేస్తారన్నది వారు మరచిపోతారు. సాధారణ జనాభాలో రోగులు, బలహీనులు అందరూ ఉంటారు. ఆరోగ్యవంతులను ఏరి తెచ్చిన గుంపులో జబ్బులు సగటుకంటె తక్కువగా ఉండాలి, ఎక్కువగా కాదు. వృత్తి ఆరోగ్య శాస్త్రంలో దీనికి ‘ఆరోగ్యవంతుడైన కార్మికుని ప్రభావం’ అని పేరు. దీనిని దృష్టిలో పెట్టుకొని చూస్తే ఆ తొమ్మిది శాతం పైకి కనిపించే దానికంటె బరువైనది.

డెన్మార్క్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, నార్వే, స్వీడన్ దేశాలలో 16,422 మంది పురుష సిబ్బందిని 45 సంవత్సరాల పాటు అనుసరించిన అధ్యయనం 2014లో వెలువడింది. అందులో మొత్తం క్యాన్సర్ల పెరుగుదల 6 శాతమే. అయితే వయస్సు వారీగా విడదీసినప్పుడు 30 నుండి 49 సంవత్సరాల మధ్యవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్, మెలనోమా, డెబ్బై దాటినవారిలో మీసోథీలియోమా ఎక్కువగా కనిపించాయి. 2023లో బ్రిటన్‌లో పదివేలమందికి పైగా సిబ్బందిని ప్రశ్నించి చేసిన సర్వేలో, ముక్కులోను గొంతులోను మసి ఒక రోజుకు మించి కనిపిస్తుందని చెప్పినవారిలో క్యాన్సర్ వచ్చిందని తెలిపినవారు సుమారు రెట్టింపుగా ఉన్నారు. ఇది వారంతట వారు చెప్పిన సమాధానాలపై ఆధారపడినది. జబ్బుపడినవారు ఇటువంటి సర్వేలకు ఎక్కువ ఆసక్తితో స్పందించే అవకాశం ఉన్నది కనుక దీనిని కొంత జాగ్రత్తగా చదువుకోవాలి.

ఇంతకాలం జరిగిన అధ్యయనాలలో స్త్రీలు, స్వచ్ఛంద సేవకులు చాలా తక్కువ. అమెరికా అగ్నిమాపక సిబ్బందిలో సగానికి పైగా జీతం లేని స్వచ్ఛంద సేవకులే అయినందున ఇది చిన్న లోటు కాదు. ఈ లోటును పూరించడానికి 2018లో అక్కడ ఒక చట్టం చేసి జాతీయ అగ్నిమాపక క్యాన్సర్ నమోదును ఏర్పాటు చేశారు. 2023 ఏప్రిల్‌లో పేర్ల నమోదు మొదలయినది. క్యాన్సర్ ఉన్నవారే కాక ఆరోగ్యంగా ఉన్నవారు కూడా ఇందులో చేరాలి. లేకపోతే పోల్చడానికి ఏమీ మిగలదు.

న్యూయార్క్ అనుభవం

2001 సెప్టెంబరు 11న ప్రపంచ వాణిజ్య కేంద్రం కూలినప్పుడు న్యూయార్క్ నగర అగ్నిమాపక శాఖకు చెందిన 343 మంది ఆ ఒక్కరోజే మరణించారు. మిగిలినవారు తొమ్మిది నెలల పాటు ఆ శిథిలాలలో పనిచేశారు. ఆ ధూళిలో సిమెంటు, గాజుపొడి, రాతినార, కాలిన విమాన ఇంధనపు అవశేషాలు కలగలిసి ఉన్నాయి. ఈ శాఖలో సిబ్బందికి క్రమం తప్పని వైద్య పరీక్షలు అంతకు ముందునుండే ఉండేవి. కనుక ఎవరు ముందు ఎలా ఉన్నారు, తరువాత ఎలా ఉన్నారు అన్నది కాగితం మీద కనిపించింది. ఇటువంటి రికార్డు ఇతర చోట్ల దొరకడం కష్టం.

2011లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఈ శాఖ వైద్యుల అధ్యయనం 9,853 మంది పురుషులను పరిశీలించింది. మొదటి ఏడు సంవత్సరాలలోనే, అక్కడ పనిచేసిన వారిలో క్యాన్సర్లు సాధారణ జనాభాకంటె సుమారు 10 శాతం, అక్కడ పనిచేయని తోటి సిబ్బందికంటె సుమారు 19 శాతం ఎక్కువగా ఉన్నాయి. 2011 జనవరి 2న జేమ్స్ జడ్రోగా పేరిట వచ్చిన చట్టం వీరికి ఉచిత వైద్య పర్యవేక్షణ కల్పించింది. మొదట అందులో క్యాన్సర్లు లేవు. 2012లో చేర్చారు. 2015లో ఈ పథకాన్ని 2090 వరకు పొడిగించారు. ఆ నాటి యువ సిబ్బంది జీవితకాలం మొత్తాన్ని లెక్కలోకి తీసుకొన్నారన్నమాట.

2023 సెప్టెంబరులో, ఆ ధూళి వలన వచ్చిన జబ్బులతో మరణించిన ఈ శాఖవారి సంఖ్య 343కు చేరింది. ఒక్కరోజులో పోయినవారెందరో, తరువాతి ఇరవై రెండు సంవత్సరాలలో మెల్లగా పోయినవారు అందరు.

న్యూయార్క్ మరొక పాఠం కూడా నేర్పింది. అక్కడి సిబ్బందిలో థైరాయిడ్ క్యాన్సర్ చాలా ఎక్కువగా కనిపించింది. లోతుగా చూస్తే వాటిలో అనేకం ఏ లక్షణమూ లేకుండా, వేరే కారణంతో తీసిన స్కాన్లలో దొరికిన చిన్న గడ్డలని 2020లో ప్రచురించిన పరిశీలన తెలిపింది. ఎక్కువగా వెతికితే ఎక్కువగా దొరుకుతాయి. దొరికిన ప్రతి గడ్డా ప్రాణం తీసేది కాదు. అదే సమయంలో, ఈ వైద్య పథకంలో చేరి క్రమంగా పరీక్షలు చేయించుకొన్న క్యాన్సర్ రోగులు ఇతర రోగులకంటె మెరుగ్గా బ్రతికి ఉన్నారనీ తేలింది.

ముందస్తు పరీక్షలు

లక్షణాలు ఏమీ లేనివారిలో జబ్బును వెతకడాన్ని ముందస్తు పరీక్ష లేదా స్క్రీనింగ్ అంటారు. అది ఎప్పుడు ఉపయోగకరం అన్నదానికి విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం కొన్ని సూత్రాలు రాశారు. జబ్బుకు నిశ్శబ్దంగా ఉండే తొలిదశ ఉండాలి, ఆ దశను పట్టే పరీక్ష ఉండాలి, పట్టిన తరువాత చేయగల చికిత్స ఉండాలి. ఈ కొలబద్దతో చూస్తే అగ్నిమాపక సిబ్బందికి వచ్చే క్యాన్సర్లు అన్నీ ఒకటి కావు.

అన్నింటిలోకి ఎక్కువ మేలు కనిపించేది పెద్దపేగు విషయంలో. ఇక్కడ క్యాన్సర్ సాధారణంగా ‘పాలిప్’ అనే చిన్న పిలకగా మొదలై చాలా సంవత్సరాలు అలాగే ఉంటుంది. కొలొనోస్కోపీ చేసేటప్పుడే దానిని కోసి తీసివేయవచ్చు. అంటే జబ్బును ముందుగా కనుక్కోవడమే కాదు, రాకుండా చేయడమే. మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే సులువైన పరీక్ష కూడా ఉన్నది. అమెరికాలో సాధారణ ప్రజలకు ఈ పరీక్షలు మొదలుపెట్టవలసిన వయస్సును 2021లో 50 నుండి 45కు తగ్గించారు. కుటుంబంలో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే ఇంకా ముందే మొదలుపెట్టాలి.

ఊపిరితిత్తులకు తక్కువ మోతాదు సి.టి. స్కాన్ ఉన్నది. అయితే దానిని 50 నుండి 80 సంవత్సరాల మధ్య ఉండి, చాలాకాలం ఎక్కువగా పొగతాగినవారికే సిఫారసు చేస్తారు. ప్రోస్టేట్‌కు రక్తంలో పి.ఎస్.ఎ. పరీక్ష ఉన్నది. మేలు, కీడు రెండూ ఉన్నందున వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోవలసినది ఇది.

చేదు నిజం ఏమిటంటే, సాక్ష్యం అన్నింటికంటె బలంగా ఉన్న రెండు క్యాన్సర్లకే అందరికీ సిఫారసు చేయదగిన ముందస్తు పరీక్ష లేదు. మీసోథీలియోమాకు రాతినార తగిలిన తరువాత 20 నుండి 50 సంవత్సరాలు పట్టవచ్చు. అంతకాలం అది జాడ తెలియనివ్వదు. మూత్రాశయానికి మూత్రపరీక్ష చేయించవచ్చు గాని, ఏ లక్షణమూ లేనివారందరికీ అది చేయిస్తే మేలు జరుగుతుందని ఇంకా ఋజువు కాలేదు. కనుక ఇక్కడ లక్షణాన్ని నిర్లక్ష్యం చేయకపోవడమే ముందస్తు జాగ్రత్త. నొప్పి లేకుండా మూత్రంలో ఒక్కసారి రక్తం కనిపించి మళ్ళీ కనిపించకపోయినా వైద్యుని కలవాలి. రక్తం ఆగిపోయింది కదా అని ఊరుకోవడమే ఈ జబ్బులో జరిగే మామూలు పొరపాటు. వృషణంలో గట్టి గడ్డ, ఆకారం గాని రంగు గాని మారుతున్న పుట్టుమచ్చ, మలంలో రక్తం, మెడలో తగ్గని బిళ్ళ, కారణం తెలియని ఆయాసం - ఇవి కూడా అటువంటివే. వృషణాల క్యాన్సర్ యువకులలో వచ్చేది, సరిగా చికిత్స చేస్తే చాలావరకు నయమయ్యేది. సిగ్గుపడి ఆలస్యం చేయడం తప్ప దానిలో భయపడవలసినది తక్కువ.

కొన్ని అమెరికా నగరాలలో కేంద్రాలకే అల్ట్రాసౌండ్ యంత్రాలను తీసుకువచ్చి సిబ్బందికి పరీక్షలు చేస్తున్నారు. ఒక్క రక్తనమూనాతో అనేక క్యాన్సర్ల జాడ చెప్పే కొత్త పరీక్షలను కూడా కొన్ని శాఖలు కొనిపెడుతున్నాయి. వీటివలన మరణాలు తగ్గుతాయని ఇంకా ఋజువు కాలేదు. జబ్బు లేనివారికి ఉన్నదని చెబితే వారాలకొద్దీ దిగులు, అనవసరమైన కోతలు తప్పవు. లేదని చెబితే పెద్దపేగు పరీక్ష మానేసే ప్రమాదమూ ఉన్నది.

ఖర్చు లేని పని ఒకటి ఉన్నది. వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు తాను ఎన్ని సంవత్సరాలు మంటల్లో పనిచేశాడో, ఏ రకం మంటలో, ఆయనకు చెప్పడం. ముప్పై ఐదేళ్ళ ఆరోగ్యవంతుడు మూత్రంలో రక్తం అంటే వైద్యునికి మొదట తట్టేది రాళ్ళు, లేదా అంటువ్యాధి. వృత్తి తెలిస్తే ఆలోచన మరొక వైపు కూడా వెళుతుంది. పదవీ విరమణ చేసినవారికి ఇది మరీ ముఖ్యం. శాఖ చేయించే వార్షిక పరీక్షలు ఆగిపోయేదీ, జబ్బు ఎక్కువగా వచ్చేదీ ఒకే వయస్సులో.

ఋజువు భారం

ఉద్యోగి కాలు విరిగితే ఏ రోజున, ఎక్కడ విరిగిందో అందరికీ తెలుసు. క్యాన్సర్ వస్తే, ఇరవై సంవత్సరాలలో హాజరైన వేల ప్రమాదాలలో ఏ మంట వలన వచ్చిందని అడిగితే ఎవరూ చెప్పలేరు. పరిహారం అడిగినవారికి ఒకప్పుడు ఎదురైనది ఈ ప్రశ్నే. చికిత్సలో ఉన్న మనిషి న్యాయస్థానం చుట్టూ తిరగవలసి వచ్చేది, చాలాసార్లు తీర్పు వచ్చే నాటికి మనిషే ఉండేవాడు కాదు.

దీనికి విరుగుడుగా వచ్చినవి ‘భావన చట్టాలు’. ఇన్ని సంవత్సరాలు పనిచేసిన వ్యక్తికి ఈ జాబితాలోని క్యాన్సర్ వస్తే, అది వృత్తి వలననే వచ్చినట్లు చట్టం భావిస్తుంది. కాదని చూపవలసిన భారం యజమానిది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1982లో ఇటువంటి చట్టం చేసింది. కెనడాలో మానిటోబా 2002లో ఐదు క్యాన్సర్లతో మొదలుపెట్టింది. ఆస్ట్రేలియా సమాఖ్య పార్లమెంటు 2011లో చేసిన చట్టంలో మొదట 12 క్యాన్సర్లు ఉండేవి. అందులో ఒక్కొక్క క్యాన్సర్‌కు ఒక్కొక్క సేవాకాలం నిర్ణయించారు. మెదడు క్యాన్సర్‌కు, రక్త క్యాన్సర్‌కు 5 సంవత్సరాలు, రొమ్ము, వృషణాలకు 10, మూత్రాశయం, మూత్రపిండం, పెద్దపేగు, ప్రోస్టేట్ వంటి వాటికి 15, అన్నవాహికకు అప్పట్లో 25. అమెరికా కేంద్ర ప్రభుత్వపు సొంత అగ్నిమాపక సిబ్బందికి ఈ సౌకర్యం 2022 డిసెంబరులో గాని రాలేదు. అడవి మంటలను ఆర్పేవారిలో చాలామంది ఈ కోవలోనివారే.

ఈ చట్టాలలో లొసుగులు లేకపోలేదు. పొగతాగేవారిని కొన్నిచోట్ల మినహాయిస్తారు. విరమణ తరువాత ఇన్ని సంవత్సరాలలోపు జబ్బు బయటపడాలన్న గడువు కొన్నిచోట్ల ఉన్నది. నలభై సంవత్సరాలు నిద్రపోయే మీసోథీలియోమాకు గడువు విధించడం ఎంతవరకు సమంజసమో చదువరులే ఊహించవచ్చు.

బాధితులకు ఆసరా

లాస్ ఏంజెలస్ కౌంటీలో అగ్నిమాపక ఉద్యోగి అయిన మైఖేల్ డుబ్రాన్ తనకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన అనుభవంతో 2005లో ‘ఫైర్‌ఫైటర్ క్యాన్సర్ సపోర్ట్ నెట్‌వర్క్’ అనే సంస్థను స్థాపించాడు. ఈ సంస్థ పద్ధతి చాలా సరళమైనది. కొత్తగా జబ్బుపడిన వ్యక్తికి, అదే రకం క్యాన్సర్ వచ్చి చికిత్స పొందిన మరొక అగ్నిమాపక ఉద్యోగిని తోడుగా కలుపుతారు. ఏ మందుకు ఏ ఇబ్బంది ఉంటుంది, సెలవు కాగితాలు ఎలా రాయాలి, పిల్లలకు ఏమని చెప్పాలి, మళ్ళీ పనిలో చేరడం ఎలా అన్నవి ఈ తోడు చెప్పగలిగినంత బాగా వైద్యుడు చెప్పలేడు. 2013 ఆగస్టులో ఈ సంస్థ వెలువరించిన శ్వేతపత్రం అమెరికా అగ్నిమాపక శాఖలలో శుభ్రత అలవాట్లపై పెద్ద చర్చ లేపింది. ఈ సంస్థ, ఉద్యోగుల అంతర్జాతీయ సంఘం కలసి ఏటా జనవరి నెలను అగ్నిమాపక సిబ్బంది క్యాన్సర్ అవగాహన మాసంగా జరుపుతున్నాయి.

అగ్నిమాపక సిబ్బంది ఇరవైనాలుగు గంటలు ఒకే కప్పు క్రింద వండుకొని తిని పడుకొనేవారు. ఒకరికి జబ్బు చేస్తే మిగిలినవారు అతని వంతు పని పంచుకోవడం, తమ సెలవులు ఇవ్వడం, ఆసుపత్రికి తీసుకువెళ్ళడం సాధారణం. అయినా ఇతరులను కాపాడడం అలవాటైనవారికి తాము సహాయం అడగడం కష్టంగా ఉంటుంది. పరీక్షలో ఏదైనా తేలితే పని నుండి తప్పిస్తారేమోనన్న భయం పరీక్షకే దూరంగా ఉంచుతుంది. అందువలన పరీక్ష ఫలితాలు గోప్యంగా ఉంచడం, చికిత్స కాలంలో తేలికపాటి పని ఇచ్చి జీతం కొనసాగించడం వంటివి ఏ పరీక్షా పథకానికైనా ముందు కావలసిన ఏర్పాట్లు.

నివారణ

మసి పట్టిన శిరస్త్రాణం, నల్లబడిన కోటు ఒకప్పుడు అనుభవానికి గుర్తు. కొత్తవారు తమ శుభ్రమైన కోటు చూసి చిన్నబోయేవారు. ఈ ఆలోచనను మార్చడమే నివారణలో అన్నింటికంటె కష్టమైన భాగమని ఈ రంగంలోనివారు చెబుతారు.

చేయవలసిన పనులు మాత్రం చాలా మామూలువి. ఇల్లినాయిస్‌లో నిజమైన మంటలతో చేసి 2017లో ప్రచురించిన ప్రయోగంలో, ఘటనాస్థలంలోనే నీరు, గిన్నెలు తోమే ద్రవసబ్బు, బ్రష్షు వాడి కడిగితే కోటుపై ఉన్న బహువలయ హైడ్రోకార్బన్లు సుమారు 85 శాతం తొలగిపోయాయి. పొడి బ్రష్షుతో రుద్దితే పోయినది 23 శాతమే. మెడను తడి తువ్వాలు కాగితంతో తుడిస్తే చర్మంపై ఉన్నవాటిలో 54 శాతం పోయాయి. దీనితో పాటు చివరి నిప్పు ఆరేవరకు ముఖతొడుగు తీయకుండటం, కేంద్రానికి రాగానే స్నానం చేయడం, మురికి దుస్తులను సంచిలో కట్టి పడకగదికి దూరంగా ఉంచడం, మార్చుకోవడానికి రెండవ జత ఉండడం అవసరం. ఉత్తర స్వీడన్‌లోని షెలెఫ్టియో పట్టణపు అగ్నిమాపక దళం, మురికి వస్తువు ఎక్కడ బయలుదేరి ఎక్కడ శుభ్రపడుతుందో దారి మొత్తం గీసుకొని పని పద్ధతిని మార్చుకొన్నది. ఈ నమూనాను తరువాత ఇతర దేశాలవారు అనుసరించారు.

రెండవ జత అన్నది చెప్పినంత తేలిక కాదు. రక్షణ దుస్తులు ఖరీదైనవి. ఒకే జత ఉన్నవాడు దానిని ఉతకడానికి ఇచ్చి, తరువాతి పిలుపుకు ఏమి వేసుకొని వెళతాడు?

భారతదేశంలో

భారతదేశంలో ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే నౌక పేలినప్పుడు మరణించిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం ఈ తేదీని ఎంచుకొన్నారు. ప్రమాదంలో ఒక్కసారిగా పోయినవారిని స్మరించే రోజు ఇది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో 101కి ఫోన్ చేస్తే వచ్చే సిబ్బంది గడ్డివాములు, పూరిళ్ళు మొదలుకొని పత్తి మిల్లులు, మిరప శీతల గిడ్డంగులు, ప్లాస్టిక్ గోదాములు, రసాయన, ఔషధ కర్మాగారాల వరకు అన్ని రకాల మంటలను ఆర్పుతారు. పై అధ్యయనాలు జరిగిన దేశాలకు, మనకు ఒక ముఖ్యమైన తేడా రాతినార. ఆస్ట్రేలియాలోను ఐరోపా సమాఖ్యలోను రాతినారను పూర్తిగా నిషేధించారు. మనదేశంలో తెల్ల రాతినార కలిపిన సిమెంటు రేకులు ఇప్పటికీ ఇళ్ళకు, షెడ్లకు, గిడ్డంగులకు కప్పుగా వాడుతున్నారు. మంట వేడికి ఈ రేకులు టపటప పేలి ముక్కలవుతాయి. ఆ ముక్కలను తొలగించేటప్పుడు లేచే ధూళిలో కంటికి కనిపించని పోగులు ఉంటాయి. ముఖానికి తడిగుడ్డ కట్టుకొంటే అవి ఆగవు.

మన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ముప్పై సంవత్సరాలు దాటినవారికి జాతీయ కార్యక్రమం క్రింద నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ముందస్తు పరీక్షలు చేస్తారు. ఈ దేశంలో ఎక్కువమందిని బాధించేవి ఇవే కనుక ఈ ఎంపిక సరైనదే. కాని అగ్నిమాపక వృత్తికి సంబంధించి ఐ.ఎ.ఆర్.సి. పేర్కొన్న ఏడు క్యాన్సర్లలో ఈ మూడింటిలో ఒక్కటి కూడా లేదు. ఆ పరీక్షలో ఏమీ లేదని తేలిన ఫైర్‌మన్ తనకు ఏ క్యాన్సరూ లేదని అనుకొనే వీలున్నది. అతడు ఏ ఆసుపత్రికి వెళ్ళినా తన వృత్తిని, సేవాకాలాన్ని చీటీ మీద రాయించుకోవడం ఈ కారణం వలన ఇక్కడ మరింత అవసరం.